ముక్కు లేదా నీకు?

పిల్లలూ! ఒక యాలకుల మిఠాయి నోట్లో వేసుకొని, ముక్కు గట్టిగా మూసుకొని చూడండి. తీపి తెలుస్తుంది, యాలకుల ఘుమఘుమ మాత్రం తెలియదు. ముక్కు వదలండి, అప్పుడు తెలుస్తుంది! నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది రుచులే. మిగతా కమ్మదనం చాలావరకు గొంతు వెనకనుంచి ముక్కులోకి పోయే వాసనే.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, 2009లో, అయిదో తరగతి కుర్రవాడొకణ్ణి అన్యాయంగా కోప్పడ్డాను. మేము టీ కాచుకునే గదిలోనుంచి సుద్దముక్కల పెట్టె తెమ్మని వాణ్ణి పంపాను. తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయా కేకవేసింది. పొయ్యిమీద పాలు పెట్టి ఆమె నీళ్లకు వెళ్లిందట. పాలు పొంగి మంట ఆరిపోయి, గదినిండా గ్యాసు! స్విచ్చి ముట్టకుండా తలుపులూ కిటికీలూ తెరిచి, సిలిండరు కట్టేశాము.

నిజానికి వంటగ్యాసుకు తనంతట వాసన ఉండదు. కారితే తెలియాలనే కంపుకొట్టే మందు అందులో కలుపుతారు. "అంత కంపు కొడుతుంటే చెప్పవేమిరా? ముక్కు లేదా నీకు?" అని అందరిముందూ అరిచాను. "నాకు వాసనేమీ రాలేదండీ" అన్నాడు వాడు, తల వంచుకొని. అబద్ధమనుకున్నాను.

కాని సాయంత్రానికి మనసు ఊరుకోలేదు. వాణ్ణి పిలిచి, కళ్లు మూయించి, ఇంగువ, కాఫీపొడి, మల్లెపూలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాను. ఒక్కటీ చెప్పలేకపోయాడు! అప్పుడుగాని నేను వాడి ముఖం సరిగా చూడలేదు. అరచేత్తో ముక్కును పైకి తోసి రుద్దుకునే అలవాటువల్ల ముక్కుమీద అడ్డంగా గీత పడి ఉంది. తెల్లవారితే తుమ్ములేనట. ఇంట్లోవాళ్లు, "వాడిది జలుబు శరీరం" అని ఊరుకున్నారు.

మర్నాడు వాళ్ల నాన్నకు చెప్పి డాక్టరుగారి దగ్గరికి పంపాను. అది జలుబు కాదు, ఎలర్జీ అన్నారాయన. వాసన పట్టే పొర ముక్కులో బాగా పైన, తపాలాబిళ్లంత మేర ఉంటుంది. పుప్పొడో, పాత బొంతల దుమ్ములో ఉండే కంటికానని పురుగులో సరిపడకపోతే ముక్కు లోపల వాచి, దారి మూసుకుపోతుంది. గాలి పైదాకా పోదు. ఏళ్లతరబడి అలాగే ఉన్నవాడికి తనకేదో తక్కువైందని ఎలా తెలుస్తుంది? అన్నం సయించడంలేదంటే తల్లిచేత తిట్లు కూడా తిన్నాడు, పాపం!

పాత బొంత తీసేశారు. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికారు. డాక్టరుగారిచ్చిన మందు వాడు రోజూ ముక్కులో కొట్టుకున్నాడు. ఒక్కరోజులో కుదిరేది కాదది, వారాలు పట్టింది. ఈలోగా నేను, అందరిముందూ తిట్టాను గనుక, అందరిముందే తప్పు ఒప్పుకున్నాను.

రెండు నెలల తరవాత ఒకనాడు లెక్కలు దిద్దించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి, "మాస్టారూ, మీరు తలకు ఆముదం రాసుకుంటారాండీ?" అన్నాడు.

తరగతంతా గొల్లుమన్నది.