మారిన పాట, మారని చెవి

పూర్వాచారపరాయణులను పరిహసించుట మాకు చిరకాలముగా నలవాటు. తాతలనాటి పద్ధతియని పట్టుకొని వ్రేలాడువారిని జూచినప్పుడెల్ల మాకు జాలియు నవ్వును గలిగెడివి. అట్టి పూర్వాచారపరాయణు డొకడు మా చెవులలోనే కాపురముండెనని మాకు తెలియవచ్చిన విధమును చదువరులకు విన్నవించుచున్నాము.

1987 సంవత్సరమున మేము చదువు నిమిత్తము అమెరికాకు బోయితిమి. మా గదిలోనుండిన విద్యార్థి యొకడు ఒకనాటి రాత్రి మాకొక కాసెట్టు నిచ్చెను. అది గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ బృందము 1977 మే 8వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయమున చేసిన కచేరి. 1965లో కాలిఫోర్నియాలో బుట్టిన యీ బృందము నేడు పాడిన పాటల వరుసను రేపు పాడెడిది కాదు. పాట నడుమ మన విద్వాంసులు రాగము విస్తరించునట్లు వీరును అప్పటికప్పుడు కల్పించుచు పోయెడివారు. శ్రోతలు తమ కచేరీలను రికార్డు చేసికొనుటకు వారు అడ్డుచెప్పలేదు సరిగదా, 1984 నుండి అట్టివారికి ప్రత్యేకస్థలమునే కేటాయించిరి. ఆ కాసెట్టులు అమ్మకమునకు గాక చేతినుండి చేతికి మారుటకే యుండెడివి. విద్యాదానమువలె నిది నాదదానము.

జెర్రీ గార్షియా గిటారు పలుకు, ఇరువురు డ్రమ్ము వాద్యకారుల నడక మా నరములలో నింకిపోయినవి. మేము కొనియాడుచుండగా మా మిత్రుడు పెదవి విరిచి, "రెండవ డ్రమ్ము మరల వచ్చినప్పటినుండి ఆ చురుకుదనము పోయినది. 1972 నాటిది వినవలెను" అనెను. చాదస్తమని మనసులో నవ్వుకొంటిమి.

1989లో షోర్‌లైన్ అను ఆరుబయలు రంగస్థలమున వారిని కన్నులార జూచితిమి. మా యుత్సాహము సగములోనే చల్లారెను. 1979లో చేరిన బ్రెంట్ మిడ్లండ్ కీబోర్డు మా కాసెట్టులోని పియానోవలె లేదు. గార్షియా గొంతు బీటలువారినది. 1986లో మధుమేహము ముదిరి స్మృతిదప్పి, కోలుకొన్న పిమ్మట నాతడు గిటారును మరల నేర్చుకొనవలసివచ్చెనని మేమెరుగుదుము. ఎరిగియు, "ఇది మా పాట కాదు" అని గొణిగితిమి. చావు గడప త్రొక్కి వచ్చిన మనుష్యుడు క్రొత్తధ్వనికై చేయి చాచుచుండగా, మేము పాతధ్వనికై యప్పులవానివలె నిలిచి యడుగుచుంటిమి. 1995 ఆగస్టు 9న ఆతడు మరణించెను. అటుపిమ్మట ఆ 1989 నాటి రికార్డులనే వెదకి తెచ్చుకొని, విని, కన్నీరు గార్చితిమి.

2018లో మా అమ్మాయి మమ్ము ఆ షోర్‌లైన్‌కే తీసికొనిపోయెను. పాతసభ్యులలో కొందరు 2015లో జాన్ మేయర్ అను గిటారు వాద్యకారుని చేర్చుకొని డెడ్ అండ్ కంపెనీ యను పేర కచేరీలు ప్రారంభించిరి. ఈ మేయర్ మా కాసెట్టు పుట్టిన 1977లోనే పుట్టినవాడు. నాటి పాటల నడక మిక్కిలి నిదానము. మొదటిపాట సగమైన గాకమునుపే మేము, "1977లో దీని వేగము..." అని మొదలుపెట్టితిమి. అమ్మాయి మా చేతిమీద చేయి వేసి, "నాన్నగారూ, మీరు పోలుస్తున్నారు, వినటం లేదు. నాకిదే మొదటిసారి. నా మొదటిసారిని నాకు దక్కనివ్వండి" అన్నది.

మాట చురుక్కుమని తగిలెను. ముప్పదియేండ్లనాటి మిత్రుడు కన్నులగట్టెను. అతనికి 1972, మాకు 1977, ఈ పిల్లకు 2018. ఎవరు మొదట విన్నది వారికి వేదము, తరువాతిదెల్ల కలియుగము! 1974లో ఈ బృందము వాద్యకారులకును శ్రోతలకును ఒకే ధ్వని వినబడునట్లు సుమారు 600 స్పీకర్లతో, 75 టన్నుల బరువుతో, రంగస్థలము వెనుక నొక నాదకుడ్యమునే నిలిపిరి. అంత శ్రమించి కట్టినదానిని, భారమును వ్యయమును భరింపరానివి కాగా, ఆ యేటనే విడిచిరి. కట్టినవారు విడువగలిగిరి. విన్న మేము విడువలేకపోతిమి. వితంతువివాహమును గూర్చియు, కులభేదమును గూర్చియు ఇతరులకు మార్పును బోధించిన నోటితోనే, పాట నడక మారరాదని శాసించుచుంటిమి.

మారినదెల్ల మేలని మేమనము. ఆ నిదానము మాకు నేటికిని పూర్తిగా రుచింపదు. రుచింపదని చెప్పుటకు మాకు హక్కు గలదు. కాని విని చెప్పవలెను. జ్ఞాపకమును న్యాయాధిపతిగా గూర్చుండబెట్టి, సాక్ష్యము వినకయే తీర్పు చెప్పుట సంస్కారము కాదు.

తక్కిన కచేరి నోరు మూసికొని వింటిమి. వేగములో మాకెన్నడును పట్టుబడని పాటమాటలు ఆ నిదానములో నొక్కొక్కటిగా వినబడెను. యౌవనమున పాడిన పాటను ముసలితనమున పాడువారికి ఆ మాటల యర్థము మారియుండునని తోచెను. మాకును మారెను.

ఇంటికి వచ్చుచు అమ్మాయి, "మీ పాత కాసెట్టు ఒకసారి ఇస్తారా?" అని యడిగెను. ఇచ్చితిమి. ఇదే అసలైనదని మాత్రము చెప్పలేదు.