మాట నేర్పేవాళ్ల పట్టాల పండగ

మైసూరు అనగానే ప్యాలెస్, దసరా ఏనుగులు, నోట్లో వేసుకుంటే కరిగిపోయే మైసూరుపాక్ గుర్తొస్తాయి. యాత్రికుల బస్సులన్నీ ప్యాలెస్ నుంచి చాముండి కొండకు, అక్కణ్నుంచి బృందావన్ గార్డెన్స్‌కు తిరుగుతుంటాయి. ఆ బస్సులు ఆగని చోటు ఒకటుంది. కుక్కరహళ్లి చెరువుకు దగ్గర్లో, చెట్ల నీడన ఉండే మానసగంగోత్రి. మైసూరు విశ్వవిద్యాలయం ప్రాంగణమది. కన్నడ మహాకవి కువెంపు పెట్టిన పేరు. అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది అక్కడే. ఆటో ఎక్కి అంత పొడుగు పేరు చెప్పక్కర్లేదు. 'ఐష్' అంటే చాలు.

సంస్థ ఉన్న ఆవరణ పేరు నైమిశం. తెలుగువాళ్లకు ఆ మాట వింటే భారతంలోని నైమిశారణ్యమే తలపుకొస్తుంది. సూతుడు కథ చెబుతుంటే శౌనకాది మునులు చెవులప్పగించి విన్న చోటు కదా అది! చెప్పడం, వినడం... ఈ రెండే ఇక్కడ చదువు.

మామూలు రోజుల్లో పొద్దున్నే ఇక్కడికి వచ్చేవాళ్లలో తల్లులెక్కువ. ఒక చేత్తో పిల్లవాణ్ని, మరో చేత్తో రిపోర్టుల ఫైలును పట్టుకుని వస్తారు. పట్టాల రోజున మాత్రం కళ వేరు. పట్టుచీరల రెపరెపలు, జడల్లో మైసూరు మల్లెలు, 'కాస్త ఇటు తిరుగమ్మా' అంటూ ఫొటోలు తీసే నాన్నలు. కన్నడం, మలయాళం, తమిళం, హిందీ, తెలుగు అన్నీ కలిసి ఒకే పందిరి కింద వినిపిస్తాయి. దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుకుంటారు మరి.

'అంటే... డాక్టరేనా?'

ఈ చదువు పేరు బీఏఎస్‌ఎల్‌పీ. వినికిడి, మాట, భాషలకు సంబంధించిన డిగ్రీ. మొత్తం నాలుగేళ్లు. చివరి ఏడు ఇంటర్న్‌షిప్. ఊళ్లో చుట్టాలకు ఇది చెప్పేసరికి తలప్రాణం తోకకొస్తుంది. 'మా మనవరాలు డాక్టరయినట్టేనా?' అని తాతయ్య అడుగుతాడు. 'కాదు తాతయ్యా, స్పీచ్ థెరపిస్టుని' అంటే, 'మాటలు నేర్పడానికి కూడా చదువుందా!' అని నోరు తెరుస్తాడు.

ఉంది. అదీ చిన్న చదువేం కాదు. పుట్టిన బిడ్డకు చెవులు వినిపిస్తున్నాయో లేదో పరీక్షించడం దగ్గర మొదలవుతుంది. నత్తి తగ్గించడం, గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పిల్లల ఉచ్చారణ సరిచేయడం, ఆటిజం ఉన్న చిన్నారికి తన అవసరం చెప్పుకోవడం నేర్పడం, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన చేత మళ్లీ ఇంట్లోవాళ్ల పేర్లు పలికించడం... అన్నీ వీళ్ల పనే. గుటక పడక ఇబ్బందిపడేవాళ్లకు ఎలా మింగాలో నేర్పేదీ వీళ్లే. పట్టా ఒక్కటే సరిపోదు. 1992లో వచ్చిన చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకున్నాకే వైద్యం చేయాలన్నది నియమం.

ఇద్దరు తెలుగువాళ్లు

ఈ సంస్థ 1965లో ఏర్పడింది. మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు స్థలమిచ్చారు. 1966 జులై 25న శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. 1968 అక్టోబరు 10న భవనాలను జాతికి అంకితం చేసింది అప్పటి ఉపరాష్ట్రపతి వి.వి.గిరి. ఇద్దరూ తెలుగింటి బిడ్డలే.

రాధాకృష్ణన్‌కు మైసూరు కొత్త ఊరు కాదు. 1918 నుంచి 1921 దాకా ఇక్కడి మహారాజా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతున్న రోజున విద్యార్థులు ఆయన్ను పూలతో అలంకరించిన బండిలో కూర్చోబెట్టి, గుర్రాలను విప్పేసి, తామే రైల్వేస్టేషన్ దాకా లాక్కెళ్లారు. గురువును శిష్యులు సాగనంపిన ఆ ముచ్చటను మైసూరువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టాల పండగనాడు జరిగేది దానికి తిరగేసి ఉంటుంది. ఇక్కడ శిష్యులను గురువులు సాగనంపుతారు.

ఆరు శబ్దాలతో మొదలు

ప్రపంచంలో దాదాపు 43 కోట్ల మందికి చికిత్స అవసరమైనంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పుట్టుచెముడు ఉన్న పిల్లల విషయంలో మాత్రం కాలమే కీలకం. నెల లోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు... ఇదీ నిపుణులు పెట్టుకున్న గడువు. మాట నేర్చుకునేందుకు మెదడు బాగా సిద్ధంగా ఉండేది తొలి మూడు నాలుగేళ్లలోనే. మన ఇళ్లలో ఆ కాలమంతా 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, వీడికీ వస్తాయిలే' అనే ఓదార్పుతోనే గడిచిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతవరకూ లక్షలు పోస్తేగానీ అందని కాక్లియర్ ఇంప్లాంట్ పేదింటి పిల్లలకూ అందింది. అయితే ఆపరేషన్‌తో శబ్దం చెవికి చేరుతుంది, అంతే. అది కుక్క మొరిగిన చప్పుడో, అమ్మ పిలుపో బిడ్డకు తెలియదు. తెలిసేలా చేసేది ఆ తర్వాత నెలల తరబడి సాగే శిక్షణే. రోజూ ఆరు శబ్దాలతో పరీక్ష చేస్తారు. ఆ, ఊ, ఈ, మ్, స్, ష్. థెరపిస్టు పెదాలు కనిపించకుండా అడ్డు పెట్టుకుని పలికితే బిడ్డ విని గుర్తుపట్టాలి. వినిపించగానే ఒక పూసను గిన్నెలో వేయాలి. మొదట్లో పూస చేతిలోనే ఉండిపోతుంది. రోజులు గడుస్తాయి. ఒకనాడు 'మ్' అనగానే పూస టప్పున గిన్నెలో పడుతుంది. ఆ రోజు అక్కడ చప్పట్లు ఉండవు, వేదిక ఉండదు. థెరపిస్టు, తల్లి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ వృత్తిలో అసలు పండగ అదే.

అందుకే ఐష్‌లో పిల్లలకు నేర్పేటప్పుడు తల్లులనూ కూర్చోబెట్టి నేర్పుతారు. థెరపీ గదిలో గడిచేది కాసేపే, మిగతా రోజంతా ఇంట్లోనే కదా. పప్పు పోపు పెడుతూ, బట్టలు మడతపెడుతూ అమ్మ మాట్లాడే మాటలే మందు.

ఇంటి దారి

ఇక్కడే భాష సంగతి వస్తుంది. మందు బిళ్లకు భాష ఉండదు. ఈ వైద్యానికి ఉంటుంది. 'ల'కూ 'ళ'కూ తేడా తెలియని వాళ్లు తెలుగు పిల్లవాడి చేత 'కళ్లు' అని పలికించడం కష్టం. పక్షవాతం వచ్చిన తాతకు ముందుగా గుర్తొచ్చేది చిన్నప్పటి పలుకుబడే కావచ్చు. తెలుగు తెలిసిన థెరపిస్టు దగ్గర్లో ఉండటం అందుకే అంత ముఖ్యం. సికింద్రాబాద్‌లో అలీయావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అయినా చిన్న పట్నాల నుంచి, పల్లెల నుంచి వచ్చే తల్లిదండ్రులు వారానికి ఒకటి రెండుసార్లు థెరపీకి బస్సెక్కి పెద్ద ఊరికి రావాల్సిందే. నెల తిరిగేసరికి చార్జీలు, పోయిన కూలీ లెక్క చూసుకుని మానేసేవాళ్లూ ఉంటారు.

పట్టా పుచ్చుకున్న అమ్మాయికి ఇవన్నీ తెలుసు. ముందున్న దారులు కూడా తెలుసు. పై చదువు, విదేశంలో ఉద్యోగం, పెద్ద నగరంలో కార్పొరేట్ ఆసుపత్రి, లేదంటే సొంత జిల్లాలో ఒక చిన్న గది. మొదటివాటిలో జీతం ఎక్కువ. చివరిదాంట్లో ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఏది ఎంచుకున్నా తప్పుపట్టలేం. అప్పు చేసి చదివించిన నాన్న కూడా పక్కనే నిలబడి ఉంటాడు కదా.

సాయంత్రానికి పందిరి ఖాళీ అవుతుంది. మైసూరుపాక్ పెట్టెలు సర్దుకుని, హాస్టల్ గదికి తాళం వేసి, ఒకరినొకరు కావలించుకుని కన్నీళ్లు పెట్టుకుని, ఎవరి రైలు వాళ్లెక్కుతారు. మర్నాడు పొద్దున్న నైమిశం గేటు దగ్గర మళ్లీ మామూలే. ఒక చేత్తో బిడ్డ, మరో చేత్తో ఫైలు. జూనియర్లు గిన్నె, పూసలు తీసుకుని కూర్చుంటారు. 'మ్' అంటారు. బిడ్డ తలెత్తి చూస్తుందేమోనని తల్లి ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటుంది.