అరువిచ్చిన పేరు

మా కోనసీమలో దింపు కూలివాడు కొబ్బరిచెట్టు దిగివచ్చి తన కూలి తనకిమ్మంటే దానిని గర్వమని ఎవరూ అనరు. రచయిత తన రాత కింద తన పేరు ఉండాలంటే మాత్రం కీర్తికాంక్ష అంటారు. పేరు కూడా కూలిలో భాగమేనని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. అలా గ్రహించటానికి ఒక అమెరికను రచయిత జీవితమూ, నా సొంత తప్పూ రెండూ కారణమైనాయి.

డాల్టన్ ట్రంబో 1905లో కొలరాడో రాష్ట్రంలో పుట్టాడు. చాలా ఏళ్లు రొట్టెల కార్ఖానాలో రాత్రిపని చేస్తూ రాయటం నేర్చుకున్నాడు. 1940 తరువాత హాలీవుడ్‌లో అత్యధిక పారితోషికం పుచ్చుకునే రచయితలలో ఒకడైనాడు. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ సంఘం అతనిని పిలిచి, నీవు కమ్యూనిస్టువా అని అడిగింది. అడిగే హక్కు మీకు లేదని అతడూ, మరి తొమ్మిదిమందీ ఎదురు నిలిచారు. నిర్మాతలు న్యూయార్కులో సమావేశమై ఈ పదిమందికీ పని ఇవ్వబోమని ప్రకటించారు. ట్రంబో 1950లో జైలుకు వెళ్లాడు; విడుదలై వచ్చాక కొంతకాలం మెక్సికోలో తలదాచుకున్నాడు.

అయినా కలం ఆగలేదు. మారుపేర్లతో, తక్కువ కూలికి రాశాడు. 1953లో వచ్చిన ‘రోమన్ హాలిడే’ కథ అతనిదే. తెరమీద మాత్రం మిత్రుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ పేరు పడింది. ఆస్కారు బహుమానమూ ఆ పేరుకే వచ్చింది. 1957లో ‘ది బ్రేవ్ వన్’ కథకు రాబర్ట్ రిచ్ అనే వ్యక్తికి బహుమానం ప్రకటిస్తే, అందుకోవటానికి అతడు రాలేదు. రిచ్ అనే రచయితే లేడు. ఆ పేరు వెనుక ఉన్నది ట్రంబో. 1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ చిత్రాలపై మళ్లీ అతని పేరు కనిపించింది. 1975లో రిచ్ బహుమానం అతని చేతికి వచ్చింది. మరుసటి ఏడు చనిపోయాడు. ‘రోమన్ హాలిడే’ బహుమానం 1993లో, రచయితగా పూర్తి గుర్తింపు 2011లో వచ్చాయి. చనిపోయిన మనిషికి వాటితో ఏమి పని? పని బ్రతికి ఉన్నవాళ్లకే.

మన దేశంలో నిర్మాతలు అటువంటి ప్రకటన చేయలేదు. కాని నిషేధాలకు కొదవలేదు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ 1939లో నిషేధానికి గురైంది. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. దానినీ ప్రభుత్వం నిషేధించింది. నిర్బంధం పెరగగా నాట్యమండలి కళాకారులు కొందరు మద్రాసు చేరి సినిమాలలో పని వెతుక్కున్నారు. 1953లో ‘పుట్టిల్లు’ తీసిన డాక్టరు గరికపాటి రాజారావు వారిలో ఒకరు.

ఇక నా సంగతి. 1976లో నేను అమలాపురం దగ్గర ఒక ఊళ్లో ఉపాధ్యాయుణ్ణి. అత్యవసర పరిస్థితి నడుస్తున్న రోజులు. నా మిత్రుడొకడు దింపు, వలుపు కూలీల మీద నాటకం రాశాడు. అతనిమీద నిఘా ఉంది. అతని పేరుతో ప్రతి పంపితే అనుమతి రాదని మా కందరికీ తెలుసు. “నీ పేరు పెట్టరా, జనం వింటే చాలు” అన్నాడు. పెట్టాను. ఆ నాటకం పోటీలో నెగ్గింది. ఉత్తమ రచనకు ఒక వెండికప్పు, నూటపదహార్లు ఇచ్చారు. ఆ రాత్రే డబ్బు అతని చేతిలో పెట్టాను. హంటర్ కూడా తనకు వచ్చిన డబ్బును ట్రంబోకు అందజేశాడట. అంతవరకు మేమిద్దరం సమానులం.

1977 మార్చిలో నిర్బంధం తొలగింది. నేను నోరు విప్పలేదు. అప్పటికే రావులపాలెం నుంచి రాజోలు దాకా నాటక సమాజాలవాళ్లు నన్ను సభలకు పిలుస్తున్నారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నలభై ఏళ్లు దాటించాను. అతడు ఒక్కసారీ అడగలేదు. అడగకపోవటాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాను.

నల్లజాబితా కాలంలో వీరులూ విలనులూ లేరు, అందరూ బాధితులేనని ట్రంబో 1970లో ఒక సభలో అన్నాడు. అతనితోపాటు జైలుకు వెళ్లిన ఆల్బర్ట్ మాల్ట్జ్ ఆ మాట ఒప్పుకోలేదు. నేను చాలాకాలం ట్రంబో మాటనే పట్టుకున్నాను, అది నాకు అనుకూలంగా ఉంది గనుక. ఇప్పుడు మాల్ట్జ్ పక్షమే న్యాయమనిపిస్తోంది. క్షమించే అధికారం నష్టపోయినవాడికి ఉంది. లాభపడ్డవాడు తనకు తాను క్షమాపణ రాసుకోరాదు.

పోయిన ఏడు మిత్రుడు కన్నుమూశాడు. పెద్దకర్మ నాడు అతని కూతురు ఒక పాత నోటుపుస్తకం తెచ్చి చూపింది. “బాబాయిగారూ, ఇది మీ నాటకం కదండీ, నాన్నగారి దస్తూరీలో ఉందేమిటండీ?” అంది. “మీ నాన్న నాకు సాపు రాసిపెట్టాడమ్మా” అన్నాను. ఆ పుస్తకంలో కొట్టివేతలున్నాయి. ఒక్కొక్క మాటా రెండుసార్లు, మూడుసార్లు దిద్ది ఉంది. సాపు ప్రతి ఎవరూ అలా రాయరు. ఆ పిల్లకు అది తెలియలేదో, తెలిసీ ఊరుకుందో చెప్పలేను.

అతని పేరు ఇక్కడ రాయలేదేమని పాఠకులు అడుగుతారు. దానిని మొదట ప్రకటించే హక్కు నాది కాదు, ఆమెది. ఈ వ్యాసమూ, ఆ వెండికప్పూ పట్టుకుని రేపు కొత్తపేట బస్సెక్కుతున్నాను.