సత్రపట్టి సానరాళ్లు

రాజపాళయం బస్టాండులో దారి అడిగితే తెలుగులో జవాబు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గరుంది ఈ ఊరు. తరతరాల కిందట ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన రాజుల కుటుంబాల్లో ఇంటి మాట ఇప్పటికీ తెలుగే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాది ఈ ఊరే. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో ఇక్కడ నూలు మిల్లు పెట్టారు. తర్వాత చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులు వరసగా లేచాయి. ఆ మిల్లుల నూలుకు దగ్గరి గిరాకీ పక్క ఊరు సత్రపట్టి మరమగ్గాలది.

సత్రపట్టి పేరు చెబితే గుర్తొచ్చేది కట్టుగుడ్డ. దెబ్బ తగిలితే ఆసుపత్రిలో చుట్టే బ్యాండేజీ, పుండు మీద పరిచే గాజుగుడ్డ ఈ ఊళ్లోనూ, పక్కనున్న సముసిగాపురంలోనూ నేస్తారు. వీధిలో నడుస్తుంటే మగ్గాల చప్పుడు వెంటే వస్తుంది. నేసిన కోరా గుడ్డను చలవ చేశాకే అది నీటినీ, నెత్తురునూ పీల్చుకుంటుంది. గాజుగుడ్డ నేత పలచన. పడుగుకూ పేకకూ మధ్య సందులు కనిపిస్తాయి. దట్టమైన గుడ్డలో దాగిపోయే నూలు తప్పు ఇక్కడ దాగదు.

నేను వెళ్లిన షెడ్డు యజమాని ఒక కండె నుంచి నూలు లాగి, నల్ల అట్ట మీద వరసగా చుట్టి చూపించాడు. "చూడండి సార్. లావు, సన్నం, మళ్లీ లావు, మళ్లీ సన్నం." టేపు పెట్టి కొలిచాడు. లావుకూ లావుకూ మధ్య దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. కొంత దూరం తర్వాత కూడా అదే కొలత. "ఇది మగ్గం తప్పు కాదు. మిల్లులో రోలర్ తప్పు. రోలర్ కూడా కాదు, దాన్ని సానపట్టిన రాయి తప్పు. ఇంకా అడిగితే రాయి కూడా కాదు, రాయిని డ్రెస్ చేసిన వజ్రం" అన్నాడు. అంత దూరం ఎలా వెళ్లాడో అర్థం కావాలంటే మిల్లు చూడాల్సిందే. తనకు నూలు వచ్చే మిల్లుకు కబురు పంపాడు. మిల్లు పేరు రాయవద్దని మాత్రం షరతు.

ఆ మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేములో దూది ఏకు రోలర్ల మధ్య సాగి సాగి నూలవుతుంది. కింద గాడులున్న ఉక్కు రోలర్, పైన రబ్బరు తొడుగు వేసిన రోలర్. ఆ తొడుగును మిల్లు భాషలో కాట్ అంటారు. ముందు వరస కాట్ వ్యాసం సుమారు 29 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 91 మిల్లీమీటర్లు. కాట్ గుండ్రం తప్పితే అది తిరిగిన ప్రతిసారీ నూలులో ఒక లావు, ఒక సన్నం పడతాయి. షెడ్డులో టేపు చెప్పిన తొమ్మిది సెంటీమీటర్లు ఇవే. వాడిన కొద్దీ రబ్బరు మీద గాట్లు పడతాయి, పైపొర గట్టిపడుతుంది. అందుకని కొన్ని నెలలకోసారి కాట్లను విప్పి, గ్రైండింగ్ మెషిన్ మీద పైపొర కొద్దిగా తీసి కొత్త ముఖం తెస్తారు.

కాట్లు సానపట్టే విభాగం చిన్న గది. గోడ పొడవునా రోలర్ల ట్రేలు, మధ్యలో మెషిన్, దుమ్ము లాగే గొట్టం. మెషిన్ నడిపే ఫిట్టర్ రాజపాళయం తెలుగువాడే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. లెక్కలు తమిళంలో వేస్తాడు, పనిముట్ల పేర్లు ఇంగ్లీషులో చెబుతాడు.

"రబ్బరు మెత్తన కదా, ఏ రాయి పెట్టినా తెగుతుంది అనుకుంటారు సార్. మెత్తనిదే కష్టం" అన్నాడు. రాయి మొద్దుబారితే రబ్బరును కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడెక్కి ముఖం మెరుస్తుంది. ఆ మెరుపు మీద దూది అంటుకుని రోలర్‌కు చుట్టుకుపోతుంది. రాయి మరీ గరుకైతే కాట్ మీద గీతలు పడి వాటిలోనూ పోగులు చిక్కుకుంటాయి. రెంటి మధ్యనుండే ముఖం కాట్‌కు రావాలంటే, ముందు అలాంటి ముఖం రాయికి ఉండాలి. రాయికి ఆ ముఖం ఇచ్చేది డ్రెస్సర్.

మన పల్లెల్లో తిరగలి అరిగితే కక్కు కొట్టించేవాళ్లం. పని అదే, కొలత వేరు. గ్రైండింగ్ వీల్ అంటే గరుకు గింజలూ, వాటిని పట్టి ఉంచే బాండూ, మధ్యలో ఖాళీలూ. గింజల మొన అరిగిపోతే రాయి గ్లేజ్ అయిందంటారు. కోసిన పదార్థం ఖాళీల్లో ఇరుక్కుంటే లోడ్ అయిందంటారు. ఈ రెండూ కాక, రాయి గుండ్రం తప్పడం మూడో జబ్బు. గుండ్రం సరిచేయడం ట్రూయింగ్, ముఖం పదును చేయడం డ్రెస్సింగ్. ఒకే వజ్రంతో రెండూ ఒకేసారి జరగవచ్చు గానీ, ఏది కావాలో తెలియకుండా వజ్రం పెడితే రాయి అరుగుతుందే తప్ప జబ్బు తగ్గదు.

ఫిట్టర్ డ్రెస్సర్‌ను విప్పి నా చేతిలో పెట్టాడు. వేలంత ఉక్కు కడ్డీ, దాని కొసన కందిగింజలో సగం కూడా లేని వజ్రం. దీన్ని సింగిల్ పాయింట్ డైమండ్ అంటారు. వజ్రం బరువును క్యారెట్లలో లెక్కిస్తారు, క్యారెట్ అంటే 0.2 గ్రాము. రాయి పెద్దదయ్యే కొద్దీ వజ్రం కూడా పెద్దది కావాలి. పెద్ద రాయి దగ్గర పుట్టే వేడిని చిన్న వజ్రం తట్టుకోలేదు. ఖర్చు తగ్గుతుందని పెద్ద రాయికి పావు క్యారెట్ పెడితే వజ్రం త్వరగా చదునైపోతుంది. చదునైన వజ్రం గింజలను విరగ్గొట్టకుండా నున్నగా నొక్కేస్తుంది. కొత్తగా డ్రెస్ చేసిన రాయి ఆ క్షణం నుంచే మొద్దు, దాని కింద కాట్ సమంగా తెగక గుండ్రం తప్పుతుంది. సత్రపట్టి యజమాని వేలు పెట్టి చూపించిన తప్పు ఇదే.

తర్వాత డ్రెస్సింగ్ చేసి చూపించాడు. వజ్రాన్ని రాయికి నిటారుగా ఎదురు పెట్టలేదు. రాయి తిరిగే దిక్కుకు పది, పదిహేను డిగ్రీలు వాల్చాడు. ఎదురు పెడితే వజ్రం రాయిలోకి దిగబడి అదురుతుంది, ఒక్కోసారి పగులుతుంది. రాయి అంచు దగ్గర మొదలుపెట్టలేదు. అరిగిన రాయిలో ఎత్తు ఎక్కడుందో చూసి, అక్కడ తాకించి అటూ ఇటూ నడిపాడు. లోతు పాసుకు మిల్లీమీటరులో నూరోవంతు, మహా అయితే నూరింట రెండు వంతులు. చప్పుడు మొదట తెగి తెగి వచ్చింది, క్రమంగా ఒకే తీరున సాగింది. "ఇప్పుడు చుట్టూ తాకుతోంది" అన్నాడు. మీటర్ చూడలేదు. చెవితో చెప్పాడు.

వజ్రాన్ని పక్కకు నడిపే వేగమే అన్నిటికన్నా ముఖ్యం. ఫిట్టర్ గోడ మీద సుద్దతో లెక్క వేశాడు. వజ్రం మొన తాకే వెడల్పు 0.6 మిల్లీమీటర్లు అనుకుందాం. రాయి ఒక చుట్టు తిరిగేసరికి వజ్రం 0.15 మిల్లీమీటర్లే జరిగితే, రాయి మీద ప్రతి చోటునూ మొన నాలుగుసార్లు తాకుతుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే రాయికి అది నిమిషానికి 300 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల వెడల్పు రాయిని దాటడానికి పది సెకన్లు. రఫ్ పనికి రెండు మూడుసార్లు తాకితే చాలు, ముఖం గరుకుగా తెరుచుకుని బాగా కోస్తుంది. నునుపు కావాలంటే నాలుగు నుంచి ఆరుసార్లు. ఇంకా మెల్లగా నడిపితే ముఖం మూసుకుపోయి, సానపట్టే వస్తువు కాలుతుంది. వేగం మరీ ఎక్కువైతే రాయి మీద మరలాగా గాడి పడి, ఆ గాడి అచ్చు కాట్ మీద దిగుతుంది. అంటే ఒకే రాయి, ఒకే వజ్రం, నడిపే వేగాన్ని బట్టి రెండు రకాల పని చేస్తాయి. వేరే గ్రిట్ (గింజ సైజు) రాయి కొనే ముందు ఈ వేగం మార్చి చూడాలన్నది అతని మాట.

కాట్ గ్రైండింగ్‌లో నీళ్లు ఉండవు. అందుకే పాసుకూ పాసుకూ మధ్య ఆగాడు. ఉక్కును సానపట్టే మెషిన్లలో కూలెంట్ ధారగా పోయాలి. పోస్తే ముందు నుంచీ పోయాలి, లేదంటే అసలు పోయకూడదు. ఎర్రగా కాగిన వజ్రం మీద మధ్యలో నీళ్లు పడితే పగులుతుంది. వజ్రానికి ఇంకో శత్రువు ఇనుము. బాగా వేడెక్కినప్పుడు వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగిపోతుంది. డ్రెస్సర్‌ను తీసి, తిరిగే ఉక్కు ముక్కకు ఆనించి "పదును" చూడకూడదనేది అందుకే. పని అయ్యాక ఫిట్టర్ కడ్డీని బిగింపులో పావు చుట్టు తిప్పాడు. వజ్రానికి కొత్త అంచు ముందుకు వచ్చింది. ఇలా తిప్పుతూ వాడితే ఒక మొన చాలాకాలం నిలుస్తుంది. అది చదునైపోకముందే వజ్రాన్ని విప్పించి, వేరే మొన పైకి వచ్చేలా మళ్లీ పొదిగించుకోవచ్చు. చదును చేసుకున్నాక పొదిగించేది ఏమీ మిగలదు.

తిరిగి సత్రపట్టిలో మగ్గాల స్పేర్లు బాగుచేసే వర్క్‌షాపుకు వెళ్లాను. రేకుల షెడ్డు, రెండు లేతులు, ఒక పెడస్టల్ గ్రైండర్, మూలన టూల్ గ్రైండర్. ఇక్కడ వజ్రం కన్నా ఎక్కువ పని చేసేది స్టార్ డ్రెస్సర్. పిడి చివర గట్టి ఉక్కు నక్షత్ర చక్రాలు వరసగా ఉంటాయి. టూల్ రెస్ట్‌కు దాని కొక్కేన్ని ఆనించి రాయికి నొక్కితే చక్రాలు తిరుగుతూ పాత గింజలను రాల్చేస్తాయి. పెడస్టల్ రాయికి ఇదే సరైన పనిముట్టు, ఖర్చు కూడా తక్కువ. కానీ చాలా షెడ్లలో విరిగిన పాత రాయి ముక్కనో, ఉలినో పెట్టి రుద్దుతారు. రాయి శుభ్రపడినట్టు కనిపిస్తుంది, గుండ్రం మాత్రం తప్పుతుంది. గుండ్రం తప్పిన రాయి అదురుతుంది. అదురే రాయి ఏదో ఒకరోజు పగలవచ్చు.

టూల్ గ్రైండర్ మీద రెండు రాళ్లు. కార్బైడ్ టిప్పులకు వజ్రపు రాయి, ఉక్కు టూళ్లకు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి. తెల్ల రాయికి సింగిల్ పాయింట్ డైమండ్. వజ్రపు రాయికి మాత్రం అల్యూమినియం ఆక్సైడ్ కడ్డీ. "వజ్రపు రాయికి వజ్రం పెడితే రెండూ పోతాయి" అన్నాడు వర్క్‌షాపు పెద్దాయన. మెత్తని కడ్డీ బాండును కొద్దిగా అరగదీసి వజ్రపు గింజలను బయటికి తెస్తుంది.  సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) రాళ్లకూ ఇదే పద్ధతి. అచ్చు ఆకారం పదే పదే రావాల్సిన పెద్ద కర్మాగారాల్లో వజ్రాలు పొదిగిన రోటరీ రోల్ వాడతారు. చిన్న షెడ్డుకు దాని అవసరం రాదు.

ఇప్పటి రాళ్లలో వాడే గింజలు పుట్టి పెద్ద కాలం కాలేదు. 1891లో అమెరికాలో అచెసన్ సిలికాన్ కార్బైడ్ తయారుచేశాడు. మద్రాసులో సానరాళ్లు చేసే కార్బొరండమ్ యూనివర్సల్ మొదలైంది 1954లో. కృత్రిమ వజ్రం కూడా జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో అదే ఏడాది తయారైంది. అదే సంస్థలో 1957లో సీబీఎన్ వచ్చింది. ఈ కృత్రిమ గింజలు రాకముందు ఇసుకరాతి చక్రాల మీద పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో సిలికా దుమ్ము చేరి జీవితాలను మింగేసింది. ఇప్పటి రాళ్లలో ఆ ముప్పు చాలా తగ్గింది గానీ, డ్రెస్సింగ్ చేసేటప్పుడు లేచే దుమ్ము దుమ్మే. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు లేకుండా చేయదగిన పని కాదు.

వర్క్‌షాపు పెద్దాయన కొత్త రాయి బిగించడం చూపించాడు. రాయిని వేలికి వేలాడదీసి చెక్క పిడితో మీటాడు, ఖంగున మోగింది. పగులుంటే బొంగురు శబ్దం వస్తుంది. ఫ్లాంజుల కింద అట్ట వాషర్లు పెట్టాడు. టూల్ రెస్ట్‌కూ రాయికీ మధ్య మూడు మిల్లీమీటర్లకు మించని సందు ఉంచాడు. "తంబీ, పక్కకు జరుగు" అని కుర్రాణ్ని తప్పించి స్విచ్ వేశాడు. నిమిషం పాటు రాయికి ఎదురుగా ఎవరూ నిలబడలేదు. 200 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 29 మీటర్లు పోతుంది, గంటకు నూరు కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంలో ముక్క ఊడితే ఎదురున్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. గ్రైండింగ్ జరిగే ప్రతి గదిలో ఒక్కో మెషిన్ దగ్గర రాయి గరిష్ఠ వేగం రాసిన బోర్డు శాశ్వతంగా ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ రాసింది. కళ్ల రక్షణ గురించి 35వ సెక్షన్ చెప్పింది. పదిమంది కూడా లేని షెడ్లు ఆ చట్టం లెక్కలోకి వచ్చేవి కావు. రాయికి మాత్రం ఆ లెక్క తెలియదు.

ఇలాంటి షెడ్లు సత్రపట్టిలోనే కాదు, మన విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాదు బాలానగర్‌లో కూడా కనిపిస్తాయి. వాటి యజమానులకు ఒక మాట. రాయి ధర బేరమాడి తెచ్చుకుని, డ్రెస్సర్ దగ్గర పిసినారితనం చేయకండి. రాయి కొనే రోజే దానికి తగిన డ్రెస్సర్ కూడా కొనండి. పెడస్టల్‌కు స్టార్ డ్రెస్సర్, మెషిన్ రాయికి తగిన క్యారెట్ వజ్రం, వజ్రపు రాయికి కడ్డీ. వజ్రాన్ని తిప్పిన తేదీ మెషిన్ మీద సుద్దతో రాయించండి. రాయి మీద అచ్చువేసిన వేగం చదవనిదే స్విచ్ వేయనివ్వకండి.