ఒడ్డు కనపడని రోజు

క్రూజ్ లైన్లని పోల్చే వ్యాసాలు ఒక ప్రత్యేకమైన సాహిత్య ప్రక్రియ. ఈ నాలుగు నెలల్లో నేను నవలల కన్నా వాటినే ఎక్కువ చదివాను. అందులో పాత్రలు ముందే ఖాయమై ఉంటాయి. కార్నివాల్ అంటే చవక, అల్లరి. రాయల్ కరీబియన్ అంటే పిల్లలున్న కుటుంబాలు, ఓడ మీద జారుడుబండలు. నార్వీజియన్ అంటే ఆకలైనప్పుడు వెళ్ళి తినొచ్చు, ఫలానా టైముకి ఫలానా టేబుల్ అని ఉండదు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా అంటే రిటైరైన దంపతులు. పౌరాణిక నాటకంలో కిరీటం చూసి ఎవరు కృష్ణుడో ఎవరు దుర్యోధనుడో చెప్పినట్టు, రెండు వ్యాసాలు చదివితే మూడోది మనమే రాసెయ్యొచ్చు. చివర్లో ఒక ప్రశ్న కూడా తప్పనిసరి: మీరు ఎలాంటి ప్రయాణికులు?

మా అమ్మ ఎలాంటి ప్రయాణికురాలు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎప్పుడూ ప్రయాణం కోసం ప్రయాణం చెయ్యలేదు. మాది ఆళ్ళగడ్డ. నంద్యాల నుంచి సముద్రం రోడ్డు దారిలో రెండొందల కిలోమీటర్ల పైనే. ఆమె చూసిన నీళ్ళన్నీ గుడి పక్కన నీళ్ళే, మహానంది కోనేరు, శ్రీశైలంలో పాతాళగంగ. సముద్రం ఒక్కసారి, రామేశ్వరంలో. అప్పుడు కూడా మా అందరి తడిబట్టలు పిండి, సంచీలు కాపలా కాసి, డబ్బాలో పులిహోర పంచింది. సముద్రం ఎట్లుండింది అని అడిగితే, "ఉండింది, ఉప్పగ" అంటుంది.

అట్లాంటి మనిషి, పక్క వీధి ఆవిడ ఫోన్లో కూతురు పంపిన వీడియో చూసొచ్చి, నాకు ఫోన్ చేసి, "రే, ఓడలో పోతారంట గదా, మనమూ పోదామా?" అంది. నాకు ముప్పై నాలుగేళ్ళు. అమ్మ తనకోసం ఏదన్నా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. నేను చేసే ఉద్యోగం అలాంటిది కాబట్టి వెంటనే ఎక్సెల్ తెరిచాను.

పోల్చడం మొదలుపెట్టాక ముందుగా తేలిందేమిటంటే, మనం పోల్చేది చాలాసార్లు ఒకే ఇంట్లో అన్నదమ్ముల్ని. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, క్యునార్డ్ ఇవన్నీ కార్నివాల్ కార్పొరేషన్‌వే. సెలెబ్రిటీ, సిల్వర్‌సీ రాయల్ కరీబియన్ గ్రూపువి. ఓషియానియా, రీజెంట్ నార్వీజియన్ వాళ్ళవి. జెనీవా నుంచి నడిచే ఎమ్మెస్సీ వేరు. పది బ్రాండ్ల మధ్య పోటీ అని వ్యాసం మొదలవుతుంది గానీ, లెక్క చూస్తే నాలుగు గల్లాపెట్టెలు.

ఓడలు ఇంకా విచిత్రం. చెన్నై, విశాఖల నుంచి మనవాళ్ళు ఎక్కే కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఉంది కదా, అది 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో రాయల్ కరీబియన్ కోసమే కట్టిన ఓడ. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. మూడు నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పుల కోసం ప్రత్యేకంగా కట్టారు. 2004లో ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది. 2008లో స్పెయిన్ కంపెనీ పుల్‌మన్‌తూర్‌కి వెళ్ళింది, 2016లో పుట్టింటికొచ్చింది, 2020 చివర్లో అమ్ముడుపోయి మన దేశానికి చేరింది. అదే ఇనుము, అవే మెట్లు. ఒక కంపెనీ సమీక్షలో "పాతది, ఇరుకు" అనిపించుకున్న ఓడే ఇంకో దేశంలో "తొలి లగ్జరీ అనుభవం". అది అబద్ధమేం కాదు, చదివేవాడు మారాడు. అంతకు ముందు 2019లో వచ్చిన జలేష్ వాళ్ళ కర్ణిక కూడా 1990 నాటిదే. ఆ కంపెనీ ఏడాదిన్నర నిండకుండానే మూతపడింది, ఓడ అలంగ్‌లో తుక్కు అయింది.

నాయన మాత్రం ఈ చరిత్రంతా విని, "మన లాంచి ఉంది గదా" అన్నాడు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు టూరిజం వాళ్ళు నడిపే లాంచి అది. ఇప్పుడు శ్రీశైలం నంద్యాల జిల్లాలోనే ఉంది కాబట్టి జిల్లా అభిమానం కూడా కలిసొస్తుంది. ఆయన ఇంకో మాట అన్నాడు. మన కె.సి. కాలవ తవ్వింది పొలాలకి నీళ్ళివ్వడానికి ఒక్కటే కాదు, పడవలు తిరగడానికి కూడా అని. చూస్తే నిజమే. 1863 నుంచి 1870 దాకా కర్నూలు నుంచి కడప వైపు తవ్విన ఆ కాలవ నీటిపారుదలకీ పడవ రవాణాకీ కలిపి వేసిన పథకం. చిన్నప్పుడు మేం ఈత నేర్చుకుంది ఆ నీళ్ళలోనే. మా ఊళ్ళ పక్కగా పడవ దారి వేశారని ఇంజనీరింగ్ చదివి పదేళ్ళు దాటాక, మా అమ్మ క్రూజ్ పుణ్యమా అని తెలిసింది.

లాంచి మాట తెచ్చాడు గానీ, నాయనకి పడవంటే అసలు గుర్తొచ్చేది 2007 జనవరి. నెహ్రూనగర్ దగ్గర కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. ఆ తర్వాత 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు. "పెద్దదైతే మునగదా?" అని అడిగాడు. మునుగుతుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని ఒరిగితే 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్ళలో చాలామందికి అప్పటికింకా భద్రతా కసరత్తు చేయించలేదు. ఆ తర్వాత నియమం మార్చారు. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ప్రతి ప్రయాణికుడికీ ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించాల్సిందే. ఇది చెప్తే నాయన కొంచెం మెత్తబడ్డాడు. "మన పడవల్లో జాకెట్లు ఉంటాయి గానీ పటానికి" అన్నాడు.

ఇక అసలు వడపోత. కరీబియన్, అలాస్కా మొదటి రోజే పోయాయి. అమెరికా వీసా, అంత దూరం విమానం, అమ్మ మోకాళ్ళు. దుబాయ్ నుంచి ఎమ్మెస్సీ చలికాలంలో నడుస్తుంది గానీ ఏడు రాత్రులంటే నాయన "వారమా!" అన్నాడు. మిగిలినవి రెండు దారులు. చెన్నై లేదా విశాఖ నుంచి కార్డీలియా. లేదా సింగపూర్ వెళ్ళి అక్కడ రాయల్ కరీబియన్, కాకపోతే రిసార్ట్స్ వరల్డ్ వాళ్ళ జెంటింగ్ డ్రీమ్.

నా మనసు కార్డీలియా వైపే ఉండింది. విశాఖలో 2023లో దాదాపు 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ కట్టారు. భాష సమస్య లేదు, శాకాహారం, జైన భోజనం అడక్కుండానే ఉంటాయి. 2022 జూన్‌లో కాసినో ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరి ప్రభుత్వం అదే ఓడని రానివ్వకపోవడం, 2025 జూలైలో అదే ఓడకి అక్కడే స్వాగతం దొరకడం లాంటి తమాషాలు నాబోటివాడికి అదనపు ఆకర్షణ. వీడియోలు అమ్మకి చూపించాను. డెక్ మీద అంత్యాక్షరి, బఫే దగ్గర మనవాళ్ళ గుంపులు, చీరల్లో పెద్దావిళ్ళు. ఆమె శ్రద్ధగా చూసి, "పెండ్లికి పోయినట్టుంటాది" అంది.

అది పొగడ్త అనుకున్నాను. కాదు. పెళ్ళిలో అమ్మ ఏం చేస్తుందో నాకు తెలుసు. వడ్డన దగ్గర నిలబడుతుంది. ఎవరి పిల్లో ఏడుస్తుంటే ఎత్తుకుంటుంది. "మీ అబ్బాయికింకా సంబంధం కుదర్లేదా?" అన్న ప్రశ్నకి ఇరవైసార్లు జవాబు చెప్తుంది. మనవాళ్ళ మధ్య ఉండటం మనకి సౌకర్యం అని నేను అనుకుంటున్నది నాకున్న సౌకర్యం. ఆమెకి అది డ్యూటీ. ఓడ వీడియోలో ఆమెకి నచ్చింది నీళ్ళు కాదు, తెలిసిన మొహం ఒక్కటీ లేకపోవడం. ఏ పోలిక వ్యాసంలోనూ ఈ కాలమ్ లేదు: మిమ్మల్ని ఎవరూ అక్కా అని పిలవని ఓడ ఏది?

దాంతో సింగపూర్ మిగిలింది. ఇక్కడ పోటీ నిజంగా గట్టిది. జెంటింగ్ డ్రీమ్‌లో భారతీయ శాకాహార భోజనం చక్కగా కుదురుతుందని వెళ్ళినవాళ్ళందరూ చెప్పారు. నాయన మాంసం ముట్టడు, కాబట్టి ఆయన ఓటు దానికే. కానీ మా తేదీలకి దొరికినవి రెండు, మూడు రాత్రుల ట్రిప్పులు, రోజుకో రేవు. రాయల్ కరీబియన్‌లో దొరికింది నాలుగు రాత్రులు. పెనాంగ్, ఫుకెట్, ఆ తర్వాత ఒక పూర్తి రోజు ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే. వాళ్ళ భాషలో సీ డే. నాకది వృథా రోజనిపించింది. డబ్బు పెట్టి ఊరు చూడకుండా ఏం చేస్తాం?

అమ్మ అడిగింది, "ఆ పొద్దంతా ఏం పనుంటాది?"

"ఏం ఉండదు."

"యాడికీ దిగేది లేదా?"

"లేదు."

"ఒడ్డు కూడా కనపడదా?"

"బహుశా కనపడదు."

"అయితే అదే తీయ్."

గది దగ్గర ఇంకో బేరం నడిచింది. క్వాంటమ్ తరగతి ఓడల్లో కిటికీ లేని లోపలి గదులకి గోడంత తెర పెట్టి, బయట కెమెరా పట్టిన సముద్రాన్ని అప్పటికప్పుడు చూపిస్తారు. దాని పేరు వర్చువల్ బాల్కనీ. సాంకేతికంగా నాకు భలే నచ్చింది. అమ్మ నవ్వి, "టీవీలో చూసేదానికి సింగపూర్ దాంక ఎందుకు?" అంది. నిజం బాల్కనీకి మాకు చెప్పిన ధర లోపలి గదికి ఒకటిన్నర రెట్లు. నా బోనస్ దాని మీదికి పోయింది.

వంట ఎవరు చేస్తారు అన్నది ఆమె రెండోసారి ఫోన్ చేసి అడిగింది. చెప్పాను. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మనదేశం, ఇంకా ఎన్నో దేశాల వాళ్ళు. ఆరేడు నెలలో, తొమ్మిది నెలలో కాంట్రాక్టు. ఓడ దిగి ఇంటికి పోయేదాకా ఆదివారమని ఉండదు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం విశ్రాంతి రోజుకి కనీసం పది గంటలు, వారానికి 77 గంటలు. మిగతా 91 గంటలు పని చేయించినా అది నియమం లోపలే. ప్రయాణికులు మనిషికి రోజుకి 18 డాలర్ల పైచిలుకు టిప్పు కింద కడతారు, అది బిల్లులో కలిసే వస్తుంది. నాయన ఆ టిప్పుని నాలుగు రోజులకి, ముగ్గురికి రూపాయల్లో హెచ్చవేసి కళ్ళు తేలేశాడు. అమ్మ మాత్రం, "ఆ ఆడపిల్లోళ్ళకి సీ డే ఎప్పుడు?" అంది.

నేనేం చెప్పలేదు. ఆ ప్రశ్నకి ఓడ మార్చుకుంటే జవాబు దొరకదు. పేరున్న లైన్లన్నీ ఇంచుమించు ఇదే కొలతతో నడుస్తాయి. అమ్మకి ముప్పై ఐదేళ్ళ తర్వాత దొరికే ఒక రోజు సెలవు ఇంకెవరి పని గంటల్లోంచో వస్తోంది. అది తెలిసీ బుక్ చేశాను. తెలిసీ ఆమె వద్దనలేదు. టిప్పు తగ్గించే మార్గం ఏమన్నా ఉందేమో చూడమని నాయన అంటే, "ఆ పాపిష్టి పని చెయ్యొద్దు" అని ఒక్కటే కోప్పడింది.

పాస్‌పోర్టులొచ్చాయి. మలేషియా, థాయ్‌లాండ్ మనవాళ్ళని ఇప్పుడు వీసా లేకుండా రానిస్తున్నాయి. సింగపూర్ వీసా మాత్రం తీసుకోవాలి, అదీ ఓడలో వెళ్ళి మళ్ళీ అక్కడే దిగుతాం కాబట్టి ఒకసారికి మించి లోపలికి రానిచ్చేది అయ్యుండాలి. చెనక్కాయల పొడి ఇంట్లో కొట్టింది పనికిరాకపోవచ్చు, సీలున్న అంగడి ప్యాకెట్ తీసుకుందాం అని చెప్పాను. అమ్మ ఆళ్ళగడ్డ బజారంతా తిరిగి, ఒక్కదాంట్లోనూ వెల్లుల్లి సరిగ్గా పడలేదని తేల్చింది.

నిన్న ట్రిప్పు కాగితం ప్రింట్ తీసి ఇంటికి పంపాను. రాత్రి ఫోన్. మొదటి రోజు సింగపూర్, రెండో రోజు పెనాంగ్, మూడో రోజు ఫుకెట్, నాలుగో రోజు సీ డే అని నాయన చేత గట్టిగా చదివించుకుంది. కాసేపాగి, "ఆ నాలుగో రోజు ముందరే పెట్టమని అడగకూడదా?" అంది.