సున్నా బైట్ల ఫైళ్ళు, నా బద్‌గుమానీ



అబ్బా ఇంతిఖాల్ అయిన రెండు నెలలకు, ఒక జుమా రోజు అసర్ తర్వాత, మా వీధి చివరింటి ఖాలా వచ్చి అమ్మీ పక్కన కూర్చుంది. పిల్లల మాటలూ మోకాళ్ళ నొప్పుల మాటలూ అయ్యాక మెల్లగా అడిగింది.

"బేటా, మీ అబ్బా దగ్గర నా అమానత్ కొంత ఉంది. నెలనెలా ఇచ్చేదాన్ని. ఎంతయిందో యాద్ లేదు. కంప్యూటర్‌లో రాసుకుంటున్నా అన్నారు."

పోయిన మనిషి మీద ఖర్జ్ ఉండిపోవడమంటే ఏమిటో మన ఇళ్ళల్లో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. అమ్మీ నా వైపు చూసింది. "వెతుకుతాను ఖాలా" అన్నాను.

జంగారెడ్డిగూడెం బస్టాండ్ దగ్గర అబ్బాకి టైలరింగ్ షాపు ఉండేది. పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు, రెండు జీబీ ర్యామ్. దాని మీద విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఏలూరులో డిప్లొమా చదివే మా భాంజా లైనక్స్ వేసిపెట్టాడు. అబ్బా తెలుగు టైపింగ్ నేర్చుకుని కొలతలూ బాకీలూ అందులోనే రాసేవారు. ఏ ఫైల్లో రాసేవారో ఎవరికీ చెప్పలేదు.

నాకు కంప్యూటర్ గురించి కొంచెం తెలుసు. ఆ కొంచెమే ముసీబత్ అయింది. ఫైళ్ళ లోపలి మాటల్ని వెతికే గ్రెప్ అనే కమాండ్ ఉందని విన్నాను. ఖాలా పేరు టైప్ చేసి, ముందు సుడో తగిలించి, మొదటి స్లాష్ నుంచి అంతా వెతకమన్నాను. ఫ్యాన్ గుయ్యిమంది. మౌస్ కదలడం మానేసింది. ఇషాకి వెళ్ళి వచ్చేసరికి తెర మీద ఒకే ఒక్క లైను: "గ్రెప్: మెమరీ ఎగ్జాస్టెడ్."

ఫోన్‌లో మెమరీ నిండిందంటే ఫోటోలు దాచే చోటు నిండిందనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకున్నాను. అబ్బా రాతలున్న చోటే ఏదో అయిపోయిందని ఫికర్ పట్టుకుంది. ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ పోయాను. ప్రోక్ అనే ఫోల్డర్ దగ్గర చేతులు చల్లబడ్డాయి. అందులో దాదాపు ప్రతి ఫైలూ సున్నా బైట్లు! కేకోర్ అనే ఒక్క ఫైలు మాత్రం సుమారు 128 టెరాబైట్లట. మా హార్డ్ డిస్కే 500 జీబీ.

వెంటనే భాంజాకి ఫోన్ చేశాను. "సిస్టమ్ ఫైళ్ళన్నీ ఖాళీ చేసి పెట్టావు. మీ నానా హిసాబంతా పోయింది. ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోకు" అని అరిచాను. పక్కన ఆపా వింటోందని తెలిసీ అరిచాను. వాడు జవాబు చెప్పలేదు. "రేపొస్తాను మామూ, మీరు ఇంకేం నొక్కకండి" అన్నాడంతే.

శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. చాయ్ తాగి కూర్చున్నాడు. మొదట కెర్నల్ రాసుకునే లాగ్ చూశాడు, డిస్క్ గురించి ఫిర్యాదేమీ లేదు. ర్యామ్ ఎంత మిగిలిందో చూశాడు. "ఫ్రీ అన్న అంకె చూసి భయపడకండి మామూ. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ని కూడా వాడుకుంటుంది, అడిగితే వదిలేస్తుంది. అవైలబుల్ అన్న అంకె చూడాలి" అన్నాడు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపించాడు. ఫజర్ తర్వాత చూస్తే తప్పులు సున్నా. ర్యామ్ బాగానే ఉంది.

అప్పుడు నా కమాండ్‌నే తీసుకుని ఒక్కో ఫోల్డర్ మీద విడివిడిగా నడిపాడు. ఈటీసీ పూర్తయింది. వార్ పూర్తయింది. హోమ్ పూర్తయింది. ప్రోక్ దగ్గర మళ్ళీ అదే లైను.

"మామూ, ఈ ఫైళ్ళు డిస్క్ మీద లేవు. అమ్మీని డబ్బాలో బియ్యం ఎంతున్నాయని అడిగితే మూత తీసి చూసి చెబుతుంది కదా, చీటీ రాసిపెట్టుకోదు. ప్రోక్ కూడా అంతే. మీరు తెరిచినప్పుడు కెర్నల్ అప్పటికప్పుడు జవాబు తయారుచేస్తుంది. అందుకే సైజు సున్నా. కేకోర్ అంటే కెర్నల్ మెమరీకి కిటికీ. ఆ 128 టెరాబైట్లు అడ్రసుల లెక్క, సామాను కాదు."

"మరి మెమరీ ఎందుకు అయిపోయింది?"

"గ్రెప్ లైను లైనుగా చదువుతుంది. లైను పూర్తయ్యేదాకా ర్యామ్‌లో పట్టుకుంటుంది. కేకోర్ రాత కాదు కాబట్టి లైను చాలా దూరం తెగకపోవచ్చు. పట్టుకుంటూ పట్టుకుంటూ ర్యామ్ అయిపోయింది. సుడో లేకపోతే ఆ ఫైలు తెరుచుకునేదే కాదు."

సుడో పెట్టింది నేను. స్లాష్ నుంచి వెతకమన్నదీ నేనే. వాడు మాత్రం ఆ మాట అనలేదు.

కానీ హోమ్‌లో కూడా ఖాలా పేరు దొరకలేదు. నేను డీలా పడ్డాను. వాడు కాసేపు ఆలోచించి, "నానా లెక్కలు గళ్ళలో రాసేవారు కదా" అన్నాడు. లిబ్రె ఆఫీస్ గళ్ళ ఫైలు జిప్‌లా మూటకట్టి ఉంటుందట. మూట విప్పకపోతే లోపలి పేరు గ్రెప్‌కి కనిపించదు. ఈసారి మాట కాకుండా, ఓడీఎస్ అనే తోకతో ముగిసే ఫైళ్ళ పేర్లు వెతికాడు. డౌన్‌లోడ్స్‌లో దొరికింది, "కొలతలు 2" అనే పేరుతో. మూడో షీటులో ఖాలా పేరు, ఇరవై ఏడు తారీఖులు, ప్రతి తారీఖు పక్కనా 500. మొత్తం 13,500.

మేనల్లుడిని మామూ మాఫీ అడగడం మా ఇంట్లో రివాజు కాదు. కానీ నేను తిట్టింది ఆపా విన్నది. అందుకే ఆపాకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, "గలతీ నాది, వీడిది కాదు" అని చెప్పాను. వాడు తల వంచుకుని మౌస్ వైరు చుడుతూ ఉండిపోయాడు.

ఆ తప్పు సందేశంలో అబద్ధమేమీ లేదు. మెమరీ అయిపోయిందంది, అంతే. ఎవరి వల్ల అయిపోయిందో అది చెప్పలేదు, ఆ పేరు నేను కలిపాను. వాడు మాత్రం తహ్‌ఖీఖ్ చేశాడు, ఒక్కో ఫోల్డరూ విడిగా.

ఆ సాయంత్రమే అమ్మీ, నేనూ ఖాలా ఇంటికి వెళ్ళాం. ఆమె డబ్బు లెక్కపెట్టుకోలేదు. అబ్బా రాసిన తారీఖులు మాత్రం ఒక్కొక్కటే చదివించుకుంది.

మీ ఇంట్లో పెద్దలు హిసాబ్ కంప్యూటర్‌లో రాస్తుంటే, ఏ ఫైల్లో రాస్తున్నారో ఈ రోజే అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి.