బావి ఈత – చెరువు ఈత

ఈత వచ్చినవానికి నీరంటే భయం అక్కరలేదని చాలామంది తలుస్తారు. ఒకప్పుడు నేనూ అలాగే తలచాను. అది ఎంతటి పొరపాటో నాకు నేర్పినది పుస్తకం కాదు, రామప్ప చెరువు.

మా ఊరి వ్యవసాయ బావిలో, నడుముకు సొరకాయ బుర్ర కట్టి, మా నాన్నగారు నాకు ఈత నేర్పారు. పన్నెండేళ్లు వచ్చేసరికి గట్టుమీది నుండి దూకి, అడుగు మట్టి పిడికిట పట్టుకొని పైకి తేలేవాణ్ణి. తోటిపిల్లల మెప్పు నాలో గర్వాన్ని పెంచింది.

కళాశాలలో చదివే రోజులలో మిత్రులం నలుగురం పాలంపేటకు విహారయాత్ర వెళ్లాము. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప గుడి శిల్పాలను కనులారా చూచి, సమీపంలోని చెరువుకట్ట ఎక్కాము. కాకతీయుల కాలంలో గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన నీరు, చుట్టూ అడవి. ఎదుటి గుట్ట చేతికి అందేటంత దగ్గరగా కనిపించింది.

ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధుడు మా ఉత్సాహం గమనించి, “బిడ్డా, బాయిల ఈత వేరు, చెరువుల ఈత వేరు. ఒడ్డెంబడే ఈదు, తూము దిక్కు పోకు” అన్నాడు.

“సరే తాతా” అన్నాను గాని, లోలోపల నవ్వుకొన్నాను.

ఎండకు కాగిన పైనీరు హాయిగా ఉంది. కొంతదూరం పోగానే కాళ్లకు చన్నీరు తగిలి ఊపిరి ఎగబీల్చింది. ఎంత ఈదినా గుట్ట దగ్గర కాలేదు. వెనుదిరిగేసరికి పిక్క పట్టేసింది. బావిలో నాలుగు బారలు వేస్తే మెట్టు అందేది. ఇక్కడ పట్టుకొనేందుకు గడ్డిపోచైనా లేదు. కేక వేద్దామంటే నోటినిండా నీరు. నేను ఆటలాడుతున్నానని మిత్రులు ఒడ్డున చేతులూపి నవ్వుతున్నారు!

వృద్ధుడొక్కడే గ్రహించాడు. “వెల్లకిల పండుకో బిడ్డా, కొట్టుకోకు!” అని అరిచాడు. విషయం తెలిసి, ఈత రాకున్నా దూకబోయిన మిత్రుణ్ణి ఆపి, తెప్ప నెట్టుకొంటూ వచ్చి గడ అందించాడు. అంతవరకు, ఆయన మాట ప్రకారం వెల్లకిలా తేలిన నన్ను ఆ నీరే మోసింది.

ఒడ్డు చేరాక ఆయన నన్ను తిట్టలేదు. “మీ అవ్వకు ఎందరు పిల్లలు?” అని మాత్రం అడిగాడు. “నేనొక్కణ్ణే” అన్నాను. ఆయన మరేమీ అనక వల చేతికి తీసుకొన్నాడు.

విద్యార్థి మిత్రులారా! తెలియని నీటిలో దిగేముందు ఆ ఊరివారిని అడగండి. పాకాల వంటి చెరువులలో మొసళ్లు కూడా ఉన్నాయి. వద్దన్నచోట దిగకండి. తలక్రిందులుగా దూకకండి, మునిగిన మొద్దులు, బండలు పైకి కనిపించవు. ఒంటరిగా ఈదకండి. మునిగేవాడు తరచు అరవలేడు, నిశ్శబ్దంగానే మునుగుతాడు. అతనికి కర్రయో, తాడో, ఖాళీ డబ్బాయో అందించండి; ఆతురపడి దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. బయటకు తీసినవానికి శ్వాస లేకుంటే, పొట్ట నొక్కుతూ కాలం వ్యర్థం చేయక, వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపమొకటే: ప్రతి విహారయాత్రలో ఒక పొడవైన తాడు, ప్రథమచికిత్స తెలిసిన ఒక వ్యక్తి ఉండేటట్లు చూడండి.

నేను నేటికీ చెరువులో ఈదుతాను. అయితే దిగేముందు, అడగడానికి ఒడ్డున ఎవరైనా ఉన్నారా అని చూస్తాను.